గోకితే పోదు... గీరి చూడాలి

తొలకరి పడి రెండు వారాలైతే చాలు, కుక్కల డాక్టర్ల దగ్గర వరస మొదలవుతుంది. ఒక చేతిలో గొలుసు, ఇంకో చేతిలో మందుల సంచి. ఆ సంచిలో మెడికల్ షాపులో మనుషుల తామరకు ఇచ్చే క్రీము ట్యూబు, పసుపు కలిపిన వేపనూనె సీసా, ఎదురింటివాళ్ల లాబ్రడార్‌కు వాడగా మిగిలిన మాత్రలు, ఎవరో వాట్సాప్‌లో చెప్పిన పౌడరు డబ్బా ఉంటాయి. "రోజూ స్నానం చేయిస్తూనే ఉన్నామండీ. అయినా రాత్రంతా గోక్కుంటోంది, మమ్మల్నీ పడుకోనివ్వడం లేదు" అనే మాట అందరి నోటా వినిపించేదే.

సంచిలోని మందుల్లో ఏదో ఒకటి సరైనదే అయ్యుండొచ్చు. అది ఏదో తెలియాలంటే ముందు చూడాలి. చూడటానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక బ్లేడు, గాజు పలక, చుక్క నూనె, మైక్రోస్కోపు చాలు. చర్మాన్ని బ్లేడుతో మెల్లగా గీరి, వచ్చిన పొట్టును నూనెలో కలిపి చూస్తే లోపల ఏ పురుగు ఉందో, అసలు ఉందో లేదో పది నిమిషాల్లో తెలుస్తుంది. జిడ్డుగా ఉన్నచోట పారదర్శకంగా ఉండే అంటుకునే టేపు ముక్క అద్ది తీసి, రంగు వేసి చూస్తే ఈస్టు కనిపిస్తుంది. కుక్కల వైద్యంలో ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. మన ఊళ్లలో ఎక్కువగా ఎగ్గొట్టేదీ దీన్నే. బదులుగా ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడుతుంది. చాలా రకాల దురదలను స్టెరాయిడ్ కొద్ది గంటల్లోనే అణచేస్తుంది. యజమాని సంతోషంగా ఇంటికి వెళ్తాడు. నెల తిరక్కుండా మళ్లీ వస్తాడు.

దురద ఒక్కటే కానీ దాని వెనక ఉండేవి వేరు. గోమారి, ఫ్లీ, గజ్జి పురుగు, ఈస్టు, బ్యాక్టీరియా, తామర, తిండి పడకపోవడం, గాలిలోని దుమ్ముకు అలర్జీ. వీటిలో కొన్నింటికి స్టెరాయిడ్ ఊరటనిస్తే, కొన్నింటిలో అదే రోగాన్ని పదింతలు చేస్తుంది. మనుషుల కోసం అమ్మే నాలుగైదు మందుల కలగూరగంప క్రీముల్లో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. పైగా కుక్క ఆ పూతను నాకేస్తుంది. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రయాల్ క్రీము ట్యూబును కొరికి మింగిన కుక్క ప్రాణాలకే ముప్పు. ఇంట్లో ఎవరికైనా ఆ మందు ఉంటే పై అరలో పెట్టుకోవాలి.

ఇల్లంతా గోమార్లే

మన ఇళ్లలో కుక్కలను పట్టే గోమారి (కొన్నిచోట్ల పిడుదు అంటారు) ఎక్కువగా ఒకటే రకం, గోధుమరంగుది. చాలా రకాల గోమార్లకు పొదా గడ్డీ కావాలి. దీనికి మన ఇల్లే చాలు. గుడ్డులోంచి వచ్చిన ఆరు కాళ్ల పిల్ల, కుక్కనెక్కి రక్తం తాగి రాలిపోతుంది. ఏ గోడ పగుల్లోనో దూరి, చర్మం విడిచి, ఎనిమిది కాళ్లతో బయటికొస్తుంది. మళ్లీ ఎక్కుతుంది, తాగుతుంది, రాలుతుంది. మూడోసారి ఎక్కేసరికి పూర్తిగా ఎదిగి ఉంటుంది. ఆడ గోమారి వారం రోజులు రక్తం తాగి, బూడిదరంగులో శనగగింజంత ఉబ్బి, దిగి, గోడెక్కి, తలుపు చట్రం సందులోనో క్యాలెండర్ వెనకో నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. వాతావరణం కలిసొస్తే ఈ చక్రమంతా రెండు నెలల్లో పూర్తవుతుంది. కలిసిరాకపోతే తిండి లేకుండానే నెలల తరబడి కాచుకుని ఉండగలదు.

అందుకే కుక్క ఒంటి మీద కనిపించేవి ఇంట్లో ఉన్నవాటిలో కొద్ది భాగమే. సాయంత్రాలు వరండాలో కూర్చుని ఏరి గ్లాసులో వేసే ఓపికమంతులను చూస్తే ముచ్చటేస్తుంది. ఏరడం తప్పేమీ కాదు కూడా. కానీ గోడలోవి అలాగే ఉంటే ఆ పనికి అంతుండదు. కుక్క పడుకునే గోనెసంచిని కాల్చేయడం లేదా పారేయడం, దుప్పట్లను మరిగే నీళ్లలో ఉతకడం, గోడ పగుళ్లను తెల్ల సిమెంటుతో పూడ్చడం, పిట్టగోడ మూలల్లో తెలిసినవాళ్లతో మందు కొట్టించడం, ఇంట్లో ఉన్న కుక్కలన్నింటికీ ఒకేరోజు మందు వేయడం, ఇవన్నీ కలిస్తేనే పని జరుగుతుంది. అదీ ఒక్కసారి కాదు, గుడ్లు పొదిగే కాలమంతా, అంటే కనీసం మూడు నాలుగు నెలలు ఆపకుండా.

ఏరేటప్పుడు గోళ్లతో చిదమకూడదు. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం కుక్క చర్మానికి చేటు. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద మర్చిపోకుండా వెతకాలి.

గోమారి కుట్టడం వల్ల వచ్చే దురద చిన్న విషయం. అసలు ప్రమాదం అది ఒంట్లోకి వదిలే క్రిముల వల్ల. ఎర్లిచియా కేనిస్ అనే సూక్ష్మజీవిని 1935లో అల్జీరియాలో మొదటిసారి గుర్తించారు. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960ల చివర్లో వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వెంట వెళ్లిన జర్మన్ షెపర్డ్ కుక్కలు ముక్కు నుంచి రక్తం కారి పెద్ద సంఖ్యలో చనిపోయాక ప్రపంచం తిరిగి చూసింది. ఆ రోగం మన వీధుల్లో ఇవాళ మామూలైపోయింది. జ్వరం, తిండి మానేయడం, కడుపు మీద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. చిక్కంతా ఏమిటంటే మూడో రోజుకే కుక్క హుషారుగా తోక ఊపుతుంది, యజమాని మాత్రలు ఆపేస్తాడు. మూత్రం కాఫీ రంగులో వస్తే అది గోమారి మోసే మరో క్రిమి, బబేసియా కావచ్చు. దాని మందులు వేరు, వైద్యం ఇంకాస్త కష్టం.

గోమార్ల మందుల్లో 2013 నుంచి వచ్చినంత మార్పు అంతకుముందు ముప్పై ఏళ్లలో రాలేదు. 2013లో అఫాక్సోలేనర్, 2014లో ఫ్లూరలేనర్ నమిలే మాత్రలుగా అమెరికాలో అనుమతి పొందాయి. తర్వాత మన దగ్గరికీ వచ్చాయి. మొదటిది నెలకొకటి, రెండోది దాదాపు మూడు నెలలకొకటి. ఈ మందు రక్తంలో ఉంటుంది కాబట్టి గోమారి కుట్టాకే చస్తుంది. "మాత్ర వేసినా గోమారి కనపడింది" అని కంగారుపడేవాళ్లు అది బతికుందో చచ్చిందో చూసుకోవాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఈ తరగతి మందుల వల్ల కొన్ని కుక్కల్లో వణుకు, ఫిట్స్ రావచ్చని హెచ్చరించింది. ఇదివరకు ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి తీరాలి. నా వరకు, ధర ఎక్కువే అయినా ఈ మాత్రల వల్ల మేలే ఎక్కువ. పశువులకు కొట్టే మందును బకెట్లో అంచనాగా కలిపి కుక్కను ముంచే పద్ధతి కంటే ఇది ఎంతో క్షేమం.

సోఫా మీద బియ్యపు గింజలు

ఫ్లీ అనేది గోమారి కాదు, పేను కాదు. పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా ఉండి, వెంట్రుకల మధ్య పరుగెత్తి, పట్టుకోబోతే ఎగిరి దూకే నల్లటి పురుగు. విచిత్రమేమిటంటే కుక్కల మీద కూడా ఎక్కువగా ఉండేది పిల్లి ఫ్లీయే. రోజుకు నలభై యాభై గుడ్ల దాకా పెడుతుంది. గుడ్లు అంటుకుని ఉండవు, పిల్లి నడిచినచోటల్లా ఉప్పు చల్లినట్టు రాలుతాయి. నిపుణుల లెక్కలో ఎదిగిన ఫ్లీలు మొత్తంలో ఐదు శాతమే. మిగతాదంతా గుడ్లు, పిల్లలు, గూళ్ల రూపంలో తివాచీలో, మంచం కింద, సోఫా కుట్ల మధ్య ఉంటుంది.

ఫ్లీ కంటికి దొరక్కపోతే దాని రెట్ట దొరుకుతుంది. తెల్ల కాగితం పరిచి దాని మీద పిల్లిని నిలబెట్టి, సన్నపళ్ల దువ్వెనతో నడుము దగ్గర దువ్వండి. రాలిన నల్లటి నలుసుల మీద రెండు చుక్కల నీళ్లు వేయండి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే చుట్టూ ఎర్రటి మరక పాకుతుంది, అది జీర్ణమైన రక్తం కాబట్టి. తోక మొదట్లో, నడుము మీద మాత్రమే వెంట్రుకలు ఊడి పుండ్లు పడిన కుక్కను చూస్తే ముందు అనుమానించాల్సింది ఫ్లీ అలర్జీనే. ఆ అలర్జీ ఉన్న కుక్కకు రెండు మూడు కాట్లు చాలు.

ఒక్కోసారి సోఫా మీద, కుక్క తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తాయి. కొత్తగా రాలినవైతే మెల్లగా కదులుతాయి కూడా. అవి బద్దెపురుగు ముక్కలు. ఆ పురుగు పిల్ల పెరిగేది ఫ్లీ కడుపులో. కుక్క గోక్కుంటూ పళ్లతో కొరికి ఫ్లీని మింగినప్పుడు లోపలికి పోతుంది. కాబట్టి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేసి బద్దెపురుగును పంపేసినా, ఫ్లీలను వదిలేస్తే నెలలోపు మళ్లీ బియ్యపు గింజలే.

మిగతా పురుగుల సంగతి ఇక్కడే చెప్పేయాలి. కుక్కపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఏలికపాములు దానిలోకి చేరతాయి. కొంకిపురుగులు తల్లిపాల ద్వారా వస్తాయి. అందుకే రెండో వారంలోనే నులిపురుగుల మందు మొదలుపెట్టి, రెండు నెలలు నిండేదాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి వేయాలంటారు. పిల్లికూనలకు మూడో వారం నుంచి. కడుపు ఉబ్బి, కాళ్లు పుల్లల్లా ఉన్న కూనను "బాగా తింటోంది" అని మురిసిపోయేవాళ్లు మనలో తక్కువేమీ కాదు. నల్లగా తారులాంటి విరేచనమైతే కొంకిపురుగులు రక్తం పీలుస్తున్నట్టు లెక్క. చిన్న కూన ఆ రక్తనష్టానికి రెండు రోజుల్లో చనిపోగలదు. ఇల్లు కడుతున్నచోట పోసిన ఇసుక కుప్ప పిల్లులకు మరుగుదొడ్డి, పిల్లలకు ఆటస్థలం. ఏలికపాము గుడ్లు బయటపడ్డ వెంటనే అంటుకునే స్థితిలో ఉండవు, దానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఏరోజు మలం ఆరోజు ఎత్తేస్తే సగం సమస్య తీరినట్టే.

రెండు రకాల గజ్జి

వెంట్రుకలు ఊడి చర్మం దళసరైన కుక్కను చూస్తే మనవాళ్లందరూ గజ్జి అనేస్తారు. అందులో రెండు రకాల పురుగులున్నాయి. ఒకటి సార్కాప్టిస్, రెండోది డెమోడెక్స్. రెండూ కంటికి కనిపించవు, రెండింటి స్వభావానికీ పొంతన లేదు.

సార్కాప్టిస్ చర్మంలో సొరంగాలు తవ్వుతుంది. చెవి అంచులు, మోచేతులు, మడమలు మొదట దెబ్బతింటాయి. దురద భరించరానిది. చెవి అంచును వేలితో రుద్దితే వెనక కాలు దానంతటదే గోకడానికి లేస్తుంది. డాక్టర్లు పరీక్షగా వాడే కిటుకు ఇది. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఇట్టే అంటుతుంది. ఎత్తుకున్నవాళ్ల చేతుల మీద, నడుము మీద ఎర్రటి పొక్కులు వస్తాయి. కుక్కకు నయం కాగానే మనుషులకూ తగ్గిపోతుంది. దీన్ని గీరి చూసినా చాలాసార్లు దొరకదు, పురుగుల సంఖ్య తక్కువ కాబట్టి. అందుకని దొరకనంత మాత్రాన లేదని కొట్టిపారేయరు, లక్షణాలు కలిస్తే మందు వేసి చూస్తారు.

డెమోడెక్స్ ప్రతి కుక్కలోనూ కొద్దోగొప్పో ఉంటుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో పాలు తాగుతూ తల్లి నుంచి అంటించుకుంటుంది. వెంట్రుక కుదుళ్లలో తలదాచుకుని బతుకుతుంది. రోగనిరోధక శక్తి సరిగ్గా ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. అది తగ్గితే లెక్క తప్పి పెరుగుతుంది. కూనల్లో కళ్ల చుట్టూ, మూతి మీద రెండు మూడు మచ్చలుగా మొదలైతే చాలామటుకు దానంతటదే తగ్గిపోతుంది. ఒళ్లంతా పాకితే మాత్రం నెలల వైద్యం. ఇది పక్క కుక్కలకు అంటదు, మనకు అసలే అంటదు. దీన్ని పట్టాలంటే చర్మాన్ని వేళ్లతో నొక్కి, కొద్దిగా రక్తం చెమర్చేదాకా గీరాలి. దొరకడం తేలికే, చుట్టలాంటి పొడవాటి ఆకారం మైక్రోస్కోపు కింద ఎవరికైనా కనిపిస్తుంది. వెంట్రుకలు మొలిచాయి కదా అని మందు ఆపకూడదు. నెల తేడాతో రెండుసార్లు గీరి, రెండుసార్లూ పురుగు కనిపించకపోతేనే ఆపాలి.

ఇప్పుడు ఆ దురద ఇంజెక్షన్ సంగతి ఆలోచించండి. స్టెరాయిడ్ చేసే పనే రోగనిరోధక శక్తిని అణచడం. డెమోడెక్స్ ఉన్న కుక్కకు అది పడితే రెండు మచ్చలు ఒళ్లంతా పుండ్లవుతాయి. గీరి చూసి ఉంటే జరిగేది కాదు.

ఒళ్లంతా డెమోడెక్స్ వచ్చే గుణం వంశపారంపర్యం. అలాంటి కుక్కతో పిల్లలు పెట్టించకూడదన్నది వైద్యుల మాట. పిల్లల్ని అమ్ముకునేవాళ్ల చెవికి ఆ మాట ఎక్కదు.

గజ్జికి మన ఊళ్లలో ఒక పాత వైద్యముంది, కాలిన ఇంజనాయిలు పూయడం. నూనె పొర కింద ఊపిరాడక కొన్ని పురుగులు చస్తాయేమో. కానీ ఆ నూనెలోని లోహాలూ విషాలూ చర్మం ద్వారా, నాకడం ద్వారా కుక్క కాలేయానికి చేరతాయి. మండుటెండలో నల్లటి నూనె పూసుకుని తిరిగే కుక్క ఒంటి వేడి ఎంతుంటుందో వేరే చెప్పాలా? ఒకప్పుడు పశువుల మీద చల్లిన గమాక్సిన్ అనే పురుగుమందు పొడి మరో పాత అలవాటు. ఎక్కడైనా పాత డబ్బా మిగిలి ఉంటే కుక్కకూ పిల్లికీ దూరంగా ఉంచడం మంచిది.

గజ్జికి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మందు కథ వేరు. జపాన్‌లో ఇటో పట్టణం దగ్గర గోల్ఫ్ మైదానం పక్క మట్టిలో సతోషి ఒమురా ఒక సూక్ష్మజీవిని ఏరితే, అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ దాన్నుంచి మందు రాబట్టే దారి చూపారు. 1981లో పశువుల మందుగా బజారుకొచ్చింది. ఇద్దరికీ 2015లో నోబెల్ దక్కింది. మందు గొప్పదే. చిక్కు మన సిరంజి దగ్గర. పశువుల కోసం వచ్చే ఒక శాతం ఇంజెక్షన్‌లో ఒక్క మిల్లీలీటరు యాభై కిలోల దూడకు సరిపోతుంది. అదే కొలతలో ఐదు కిలోల కుక్కపిల్లకు కావాల్సింది మిల్లీలీటరులో పదోవంతు. ఎద్దులకు సూది వేసే అలవాటున్న చేయి అర మిల్లీలీటరు ఎక్కించినా ఐదింతలు పడినట్టు. కనుపాపలు విచ్చుకుంటాయి, చొంగ కారుతుంది, నడక తూలుతుంది, చూపు పోతుంది, చివరికి స్పృహ తప్పుతుంది. విరుగుడు మందంటూ లేదు. కోలీ, షెట్లండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో చాలా కుక్కలకు సరైన మోతాదు కూడా పడదు. మందు మెదడులోకి వెళ్లకుండా ఆపే జన్యువు వాటిలో దెబ్బతిని ఉంటుందని 2001లో తేల్చారు.

పిల్లి చిన్న కుక్క కాదు

కుక్కకు సగం మాత్ర వేస్తే పిల్లికి పావు సరిపోతుందనుకోవడం కంటే ప్రమాదం లేదు. కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కుక్కల మెడ వెనక వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్‌మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి వేస్తే ఒళ్లంతా వణుకు, ఫిట్స్, తర్వాత మరణం. వేసిన కుక్కను ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. కుక్కల గోమార్లకు వాడే అమిట్రాజ్ కూడా పిల్లికి పనికిరాదు. జ్వరమొచ్చిందని ఒక్క పారాసిటమాల్ గోళీ వేస్తే పిల్లి రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది, చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరుగుతాయి. నేల తుడిచే నల్ల ఫినాయిలు, నీళ్లలో పోస్తే తెల్లగా మారే యాంటీసెప్టిక్ లోషన్ల సంగతీ అంతే. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే లోపలికి వెళ్లేది అదే.

పిల్లి దురదను కుక్కలాగా బయటపెట్టదు. గోక్కోదు, నాక్కుంటుంది. అదీ మనం చూడనప్పుడు. "మా పిల్లి ఎంత శుభ్రమో, రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది" అని చెప్పేవాళ్లు ఒకసారి దాన్ని వెల్లకిలా తిప్పి పొట్ట చూడాలి. వెంట్రుకలు కత్తిరించినట్టు పొట్టిగా ఉంటే అది శుభ్రం కాదు, దురద.

తామర పిల్లికూనల్లో, అందులోనూ పర్షియన్లలో ఎక్కువ. గుండ్రంగా వెంట్రుకలు ఊడి, పొట్టు రాలుతుంది. పైకి ఏమీ కనిపించకుండానే మోసే పిల్లులూ ఉన్నాయి. ఇంట్లో పిల్లల చేతుల మీద, మెడ మీద గుండ్రటి మచ్చలు వచ్చాక తీగ లాగితే పిల్లి దగ్గర తేలడం మామూలే. వుడ్స్ దీపం అనే అతినీలలోహిత దీపం కింద సోకిన వెంట్రుకలు చాలాసార్లు లేతాకుపచ్చగా మెరుస్తాయి. ఆ శిలీంధ్ర బీజాలు ఇంట్లో ఏడాదిన్నర దాకా బతకగలవు. మందు పిల్లికి, చీపురు ఇంటికి, చర్మం డాక్టరు మనుషులకు, మూడూ ఒకేసారి మొదలవ్వాలి.

చెవిలో మలుపు

మనిషి చెవి దారి దాదాపు తిన్నగా ఉంటుంది. కుక్కది ముందు కిందికి దిగి, తర్వాత లోపలికి తిరుగుతుంది. ఆ మలుపు వల్లే కర్ణభేరికి రక్షణ, ఆ మలుపు వల్లే చెమ్మ, గుబిలి నిలిచిపోవడం. కాటన్ పుల్ల పెడితే గుబిలి బయటికి రాదు, మలుపు దగ్గరికి వెళ్లి గట్టిపడుతుంది. చెవులు వేలాడే లాబ్రడార్లు, కాకర్ స్పానియళ్లకు వానాకాలమంతా చెవులు తడిగానే ఉంటాయి.

చెవిపోటుకు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం మన అమ్మమ్మల వైద్యం. మనుషుల చెవి డాక్టర్లే దాన్ని వద్దంటారు. కుక్క విషయంలో ఇంకా వద్దు. లోపల ఏముందో తెలియకుండా పోసిన నూనె ఈస్టుకు మేతవుతుంది, డాక్టరు చూడాల్సినదాన్ని కప్పేస్తుంది. కర్ణభేరికి రంధ్రం ఉంటే కొన్ని చెవి చుక్కల మందులు కూడా లోపలి చెవికి హాని చేసి వినికిడి పోగొడతాయి. అందుకే మందు రాసే ముందు ఓటోస్కోపుతో తొంగి చూడాలి. చూడకుండా చుక్కల మందు రాసిస్తే "ఒకసారి లోపల చూస్తారా?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

బయటికి కనిపించేవి కొంత చెబుతాయి. పిల్లికూన చెవిలో పొడి కాఫీపొడిలాంటిది నిండి ఉంటే చెవి పురుగులు. ముదురు గోధుమరంగు జిడ్డు, పులిసిన వాసన ఉంటే ఈస్టు. పసుపు పచ్చటి చీము, ముక్కు మూసుకునే కంపు, ముట్టుకుంటే కీచుమంటే సూడోమోనాస్ లాంటి మొండి బ్యాక్టీరియా ఉండొచ్చు. అయినా పుల్లకు చుట్టిన దూదితో కొంచెం తీసి పలక మీద రాసి, రంగు వేసి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. మూడింటికీ మందులు మూడు.

చెవి పురుగుల జీవితచక్రం మూడు వారాలు. వారం మందు వేసి ఆపేస్తే గుడ్లలోంచి కొత్తవి వస్తాయి. ఇంట్లో ఉన్న కుక్కకూ పిల్లికీ అన్నింటికీ కలిపి వైద్యం జరగాలి, ఒకటి మిగిలితే మళ్లీ అందరికీ.

చెవి కడిగే పద్ధతి తేలికే. డాక్టరు ఇచ్చిన ద్రావణాన్ని చెవి నిండా పోసి, చెవి మొదట్లో వేళ్లతో మర్దన చేస్తే లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. తర్వాత కుక్కను వదిలేస్తే తల విదిలిస్తుంది (ముందు జాగ్రత్తగా గోడకు దూరంగా, పాత చొక్కాతో నిలబడండి). బయటికి వచ్చినంతవరకు దూదితో తుడవాలి, అంతే. విదిలించి విదిలించి చెవి డొప్పలో రక్తనాళం చిట్లితే చెవి బూరెలా ఉబ్బుతుంది. ఆ రక్తం తీయించినా, అసలు దురద తగ్గించకపోతే మళ్లీ నిండుతుంది. తల ఒకపక్కకు వాల్చి, గుండ్రంగా తిరుగుతూ పడిపోతుంటే రోగం లోపలి చెవికి పాకినట్టు. మర్నాటికి వాయిదా వేయకూడని లక్షణమిది.

ఏడాదిలో మూడు నాలుగు సార్లు చెవిపోటు వస్తుంటే చెవిని వదిలి మిగతా ఒంటిని చూడాలి. పాదాలు నాకడం, కడుపు కింద ఎరుపు, మూతిని తివాచీకి రుద్దడం కూడా ఉంటే చాలాసార్లు అది అలర్జీయే. గాలిలోని దుమ్ము పురుగులు, పుప్పొడి ఒక కారణం. తిండి ఇంకొకటి. కుక్కలకు ఎక్కువగా పడనివాటిలో గొడ్డుమాంసం, పాలపదార్థాలు, కోడిమాంసం ఉన్నాయి. మన ఇళ్లలో కుక్క తిండి అంటేనే కోడికూర అన్నం, పెరుగన్నం! తిండి అలర్జీని నమ్మకంగా తేల్చే రక్తపరీక్ష లేదు. కుక్క ఇంతవరకు రుచి చూడని మాంసకృత్తును ఎంచుకుని, ఎనిమిది వారాలు అదొక్కటే పెట్టి చూడాలి. ఎనిమిది వారాల్లో తాతగారు టీలో ముంచి ఇచ్చే ఒక్క బిస్కెట్టుతో లెక్కంతా మొదటికొస్తుంది. ఈ పరీక్షలో కుక్క ఓడిపోదు, ఇంట్లో పెద్దవాళ్లే ఓడిపోతారు.

అలర్జీ అని తేలాక దురద తగ్గించే మందులు వాడటం తప్పు కాదు. ఓక్లాసిటినిబ్ లాంటివి స్టెరాయిడ్‌కు బదులు వస్తున్నాయి. స్టెరాయిడ్ కూడా, గీరి చూసి పురుగు లేదని తేల్చుకుని, తక్కువ రోజులు వాడితే మంచి మందే.

గుండ్రటి ఎర్ర మచ్చలు, అంచుల్లో పొట్టు, మధ్యలో చీము పొక్కులు కనిపిస్తే బ్యాక్టీరియా. వీటికి వెంటనే యాంటీబయాటిక్ మాత్రలు అక్కర్లేదని, పైపైన ఉన్నంతవరకు క్లోర్‌హెక్సిడిన్ షాంపూతోనే సరిపెట్టాలని ఇప్పటి వైద్యుల ధోరణి. మాత్రలకు లొంగని రకాలు పెరిగిపోవడమే కారణం. ఆ షాంపూ పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి. రుద్ది వెంటనే కడిగేస్తే డబ్బులు మోరీలోకి పోయినట్టే. రెండు మూడు సినిమా పాటలు పాడుకోండి, కుక్కకు అభ్యంతరం లేకపోతే. మనుషుల షాంపూ వద్దు, కుక్క చర్మం మనదానికంటే పల్చన, దాని ఆమ్లగుణం వేరు.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు మూడు రోజులు స్నానం చేయించకండి, ఆరోజు పొద్దున చెవులు తుడవకండి. వాడిన మందుల అట్టలన్నీ తీసుకెళ్లండి, దాచిపెట్టాల్సిన పనిలేదు. మొదటి మచ్చ ఎక్కడ మొదలైందో ఫోనులో ఫొటో ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో ఎవరికైనా దురద ఉందా అన్నది సిగ్గుపడకుండా చెప్పండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో గీరి చూడటం, పలక చూడటం విద్యార్థులకు రోజువారీ పాఠం. ఓపిగ్గా వరసలో నిలబడగలిగితే అక్కడ దొరికే పరీక్ష చాలా ప్రైవేటు క్లినిక్కులకంటే నయం. పల్లెల్లో 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలున్నాయి, అవి ప్రధానంగా పాడి పశువుల కోసమే అయినా.

వీధికుక్కల సంగతి

గజ్జి పట్టి రాయిలా గట్టిపడ్డ చర్మంతో తిరిగే వీధికుక్కను చూసి మొహం తిప్పుకుంటాం. నిజానికి వైద్యానికి అంత తేలిగ్గా లొంగే రోగం ఇంకొకటి లేదు. సార్కాప్టిస్ అయితే బరువుకు తగ్గ ఫ్లూరలేనర్ మాత్ర ఒక్కటి తిండిలో పెట్టి వేస్తే, నెలా రెండు నెలల్లో వెంట్రుకలు మొలుస్తాయి. ముట్టుకోవాల్సిన పని కూడా లేదు. పుండులో పురుగులు పడ్డ కుక్క విషయం వేరు. దాన్ని పట్టి, పురుగులు తీసి, కట్టు కట్టాలి. టర్పెంటైన్ గుమ్మరించి వదిలేస్తే మంటకు పారిపోతుంది, మళ్లీ చేతికి చిక్కదు. దగ్గర్లోని పశువైద్యశాలకో, జంతు సంరక్షణ బృందానికో కబురు పెట్టడం మేలు.

మాత్ర వేసేవాళ్లు బరువు అంచనా డాక్టరుకు ఫొటో చూపించి అడగాలి. కూనలు, చూలుతో ఉన్నవి, పాలిచ్చే తల్లులు గుంపులో ఉంటే వాటికి ఏది సరిపడుతుందో విడిగా అడగాలి. మందు పెట్టిన ముక్కను గుంపు మధ్యలో విసరకూడదు. మిగతావాటికి ఇంకోపక్క అన్నం పెట్టి, జబ్బుదాని ముందు నిలబడి, అది మింగేదాకా చూడాలి. లేకపోతే బక్కదాని మందు బలిసినది తినేస్తుంది.